తెల్ల కణాల అంటు

అన్నం పళ్లెం గడప దగ్గర పెట్టి, కాలి బొటనవేలితో గదిలోకి నెట్టింది సోనాలి.

అది అత్త ఉమాబాయి కళ్లముందే జరిగింది. ఒళ్లు భగ్గుమంది ఆమెకు. కోడలి జబ్బ పట్టుకుని ఇవతలికి లాగింది.

"కుక్కకైనా వంగి పెడ్తరు గదనే. లోపలున్నది నీ మామ."

సోనాలి మొహానికి మాస్కు, దాని మీద చున్నీ. కళ్లు మాత్రమే కనబడుతున్నాయి, వాటిలో తప్పు చేశానన్న జాడ ఏ కోశానా లేదు.

"నేనేం జేసిన అత్తా? దగ్గరికి పోవద్దని డాక్టరే చెప్పిండు. మామకు కీమో ఎక్కించినంక తెల్ల కణాలు పడిపోయినయంట."

డాక్టర్ చెప్పిన మాట నిజమే. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న అంబాదాస్‌కు కీమోతో తెల్ల కణాలు బాగా పడిపోయాయనీ, అవి లేచేదాకా ఎవరూ ఊరికే దగ్గరికి పోవద్దనీ, పోతే చేతులు కడుక్కుని పోవాలనీ అన్నాడు. చెప్పింది ఒకటి, ఇంటికి చేరింది ఇంకొకటి. మనిషికి సూతకం పట్టినట్టు నడిపిస్తున్నారు వ్యవహారం. ఆయన పళ్లెం వేరు, చెంబు వేరు, బట్టలు ఆరేసే తీగ వేరు. బాత్రూముకు పోయి వస్తే, ఆయన నడిచిన మేరకల్లా కోడలు వెనకే గోమూత్రం చల్లుతుంది. కొడుకు శుభం, దుకాణం కట్టేసి వచ్చి, వాకిట్లో నిలబడి "బాపూ, తిన్నవా?" అంటాడు, జవాబు వినకుండానే మేడెక్కుతాడు. చేతులా? కడుగుతారు, ఎందుకు కడగరు. ఆ గదిలోకి పోయే ముందు కాదు, అటు పోయి వచ్చాక. ఛీ, కన్నతండ్రి దగ్గర ఇదేం అసహ్యం.

ఉమాబాయి గదిలోకి పోయింది. నెట్టిన అన్నం పెంటకుప్పలో పారేసి, వేరే వడ్డించి తెచ్చింది. గదిలో చెమట, మందులు, పుళ్లు పడ్డ నోటి కంపు కలిసి గుప్పున కొట్టాయి. దిండు నిండా రాలిన వెంట్రుకలు. మంచం కింద బూడిద పోసిన డబ్బాలో కఫం, అందులో నెత్తుటి జీరలు. ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, డబ్బా పారబోసి, కడిగి పెట్టింది.

అంబాదాస్ అంతా విన్నాడు. పిల్లలను ఏమీ అనవద్దని బతిమాలాడు. చిన్నవాళ్లు, భయపడుతున్నారు, పోనీయమన్నాడు. రెండు ముద్దలు మింగలేక మింగి, ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"నువ్వొక్కదానివి రాకుంటే నేను గీ రోగంతోని గాదు, గీ గదితోని సచ్చిపోదును."

ఉమాబాయి తడిగుడ్డతో ఆయన మూతి తుడిచి, చెప్పులు తెచ్చి కాళ్ల ముందు పెట్టింది. పొద్దున ఇచ్చిన రక్తం రిపోర్టు మధ్యాహ్నానికి వస్తుందన్నారు. డాక్టర్ నోటితోనే ఈ ఇంటివాళ్లకు గడ్డి పెట్టిస్తానని కోడలికి వినబడేటట్టే అనుకుంటూ బయటికి నడిచింది.

శుభం ఆటో తెచ్చాడు. తండ్రి పక్కన చోటున్నా, పోయి డ్రైవర్ సీటు మీద ఓ అంచున ఇరుక్కుని కూర్చున్నాడు. ఆసుపత్రిలో తండ్రి బల్ల మీద ఒరిగితే, వాడు మందుల కౌంటరు దగ్గర ఫోను చూసుకుంటూ నిలబడ్డాడు. ఉమాబాయి ఒక్కతే డాక్టర్ గదిలోకి పోయింది.

డాక్టర్ వెంకట్రావ్‌ది తెలంగాణ సరిహద్దున ఉన్న బిలోలి వైపు. తెలుగులోనే మాట్లాడతాడు. ఆమె పళ్లెం సంగతి, తీగ సంగతి, గోమూత్రం సంగతి ఏకరువు పెడుతుంటే ఆయన మొహం వికారంగా మారింది.

"ఎంత తప్పు పని జేస్తున్నరమ్మా. ఆయన నుంచి మీకేం అంటది? మీ నుంచే ఆయనకు అంటుతది."

కీమో మందు గడ్డనే కాదు, ఎముకల మూలుగులో పుట్టే తెల్ల కణాలను కూడా చంపుతుందని విడమరిచి చెప్పాడు. రోగాలతో కొట్లాడేవి అవే కాబట్టి, అవి లేని మనిషికి ఇంటివాళ్ల జలుబైనా, కడగని చెయ్యైనా, చల్లిన ఆ గోమూత్రమైనా ప్రాణం మీదికి తెస్తుందన్నాడు. అదృష్టం కొద్దీ జ్వరం తగల్లేదు. రిపోర్టు చూసి ఆయన మొహం విప్పారింది. కణాలు బాగా లేచాయి.

"ఇంక దూరం ఉండే పనే లేదు. కొడుకును, కోడలిని నేనే పిలిచి గట్టిగ చెప్త. చేతులు కడుక్కోని అందరు దగ్గర కూసోవచ్చు. మందుల కంటె ముందు ఆయనకు మనిషి తోడు కావాలె. మీరున్నరు గనుకనే ఇన్ని దినాలు నిలవడ్డడు."

ముందుగా ఈ శుభవార్త అంబాదాస్‌కు చెబుదామని, ఆయన్ని లోపలికి పిలవమన్నాడు.

ఉమాబాయి లేచింది. తలుపు తీయలేదు. సందు లేకుండా దగ్గరికి వేసి వచ్చి మళ్లీ కూర్చుంది.

"కణాలు ఇంకా లేవలేదనే చెప్పుండ్రి డాక్టర్ సాబ్."

ఎవరికి, కోడలికా అని అడిగాడాయన అర్థం కాక.

"ఆయనకే. నాకు రోతొస్తున్నది. దగ్గరికి ఎవ్వరు రావద్దు, పెండ్లాం గూడ రావద్దని మీ నోటితోనే చెప్పుండ్రి."