నా మొహం చూసి చెప్పు

"మూడోసారి అడుగుతున్నాను. ఇప్పుడు వచ్చిన వాయిద్యం ఏది?"

సంగీతం మాస్టారు అడిగింది కొత్తమ్మాయిని. గోడ మీది తెరపై సినిమా బొమ్మ కదులుతోంది. రైలు స్టేషన్లో ఒక తల్లి, తప్పిపోయిన పిల్లాడి కోసం పరుగెడుతోంది. ఆ పరుగు వెనక అరవైమంది కలిసి వాయించిన సంగీతం ఉంది. అందులో ఏ వాయిద్యం ఎక్కడ వచ్చిందో, ఎందుకు వచ్చిందో విని చెప్పాలి. చెప్పలేకపోతే ఈ క్లాసులో ఆమె సీటు ఇవాళ్టితో ఇంకొకరికి పోతుంది.

కానీ ఆమెకి ఒక్క స్వరం కూడా వినబడటం లేదు.

పైన ఫ్యాను కిర్రుమంటోంది. వెనక బెంచీలో ఎవరో పెన్ను టకటకలాడిస్తున్నారు. అవన్నీ శుభ్రంగా వినబడుతున్నాయి. సంగీతమే లేదు. మిగతా పదకొండుమందీ మాత్రం చెవులారా వింటున్నట్టు తలలూపుతున్నారు!

"నువ్వు చెప్పరా," అన్నారు మాస్టారు ముందు బెంచీ అబ్బాయితో.

"సెల్లోలు సార్. బాగా కింది స్వరాల్లో. ఆమె భయం కడుపులోంచి వస్తోందని."

"భేష్!"

కొత్తమ్మాయికి ఏడుపు తన్నుకొచ్చింది. తల దించుకుని, "సార్, నాకేమీ వినబడటం లేదు," అంది. ఫ్యాను చప్పుడుని మించి, గట్టిగానే అంది.

"ఏంటా గొణుగుడు? నా క్లాసులో మొదటి రూలేంటి? నా మొహం చూసి చెప్పు. పెద్దవాళ్ళతో మాట్లాడే పద్ధతి అది."

తలెత్తింది గానీ, ఆ మాట రెండోసారి అనడానికి ధైర్యం చాల్లేదు.

"నీకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందమ్మా!" అని విసుక్కున్నారాయన.

ఎవరూ నవ్వలేదు. క్లాసు క్లాసంతా తలలు దించుకుంది.

అప్పుడు కనబడిందామెకి. స్పీకరు వైరు ఊడిపోయి, బల్ల కింద తోకలా వేలాడుతోంది. "సార్! అది..." అనబోయింది. పక్కనున్న కళ్ళద్దాల అక్క ఆమె కాలు కసుక్కున తొక్కింది.

"స్పీకర్ని కాదు, ఆయన చేతుల్ని చూడు," అంది పెదవులు కదపకుండా.

చూసింది. మాస్టారి కళ్ళు తెర మీదే ఉన్నాయి. కుడిచెయ్యి కనబడని సెల్లో మీద కమానుని బరువుగా లాగుతోంది. ఎడమచేతి వేళ్ళు తీగలు నొక్కుతున్నట్టు వణుకుతున్నాయి. ఉన్నట్టుండి రెండూ ఆగిపోయాయి. తర్వాత మెల్లగా లేచి, పెదవుల పక్కన అడ్డంగా నిలిచాయి. వేళ్ళు ఒక్కొక్కటే ఆడాయి.

"ఫ్లూటు సార్!" అంది, ఆయన తన వైపు తిరగ్గానే మొహంలోకి చూస్తూ. "అదొక్కటే. మిగతావన్నీ ఆగిపోయాయి. పిల్లాడు కనబడ్డాడు కదా, ఆమెకింక వేరే ఏదీ పట్టదు."

తెర మీద పిల్లాడు చేతులు చాచాడు.

మాస్టారి మొహం విప్పారింది. "ఇప్పటికి తెరుచుకున్నాయమ్మా నీ చెవులు!" అని, సుద్దముక్క తీసుకుని బోర్డు వైపు తిరిగారు.

కొత్తమ్మాయికి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ ఫ్లూటు నిజంగా ఎలా ఉంటుందో వినాలనిపించింది. మెల్లగా వంగి, వైరు అందుకోబోయింది.

"ముట్టుకోకు!" గది అదిరేలా అరిచింది అక్క.

కొత్తమ్మాయి చెయ్యి వెనక్కి లాక్కుంది. భయంభయంగా మాస్టారి వైపు చూసింది. ఆయన వెనక్కి తిరగలేదు. సుద్దముక్క కూడా ఆగలేదు.

"నువ్వది పెట్టడం ఆయన చూస్తే రేపట్నించి క్లాసుకి రారు," అంది అక్క, అంతే గట్టిగా. "మనకి తెలుసని ఆయనకి తెలిసిపోతుంది."