ఉడుత కొన్న సంచులు

ఒక తోటలో పింగళి అనే ఉడుతకు చేతిసంచులంటే మోజు. గిజిగాడు అల్లిన ఒక్కో సంచికీ తన తోకలోంచి కుచ్చెడు బొచ్చు పీకి ఇచ్చేది. "ఇంకెన్ని కొంటావే?" అని చెల్లెలు అడిగితే, "తోకంతా ఇచ్చేస్తున్నానా ఏమిటి?" అని కసిరేది.

ఒకరోజు పిల్లి తరిమింది. పింగళి ఎప్పటిలాగే పక్క కొమ్మకు దూకింది. గాల్లోనే ఒళ్లు ఒరిగిపోయి, దబ్బున ముళ్లపొదలో పడింది. ముళ్లకు జడిసి పిల్లి వెళ్లిపోయింది.

పింగళి ముళ్లలోంచి మెల్లగా బయటికి పాకింది. ఏనాడూ తప్పని కొమ్మ! వెనక్కి తిరిగి చూసుకుంటే తోక ఎండుపుల్లలా ఉంది.

అంతలో గిజిగాడు వచ్చి వాలాడు. "అక్కా, ఈ పూల సంచి నీకోసమే దాచాను."

పింగళి చెయ్యి చాచబోయి ఆగింది.

"ధర తర్వాత చెబుదువుగాని," అంది. "నా దగ్గర ఎంత మిగిలిందో ముందు చూసుకోనీ."