తడి పెట్టె

"నా పెట్టె మీద నీళ్ళు పోసిన వెధవ ఎవడ్రా?"

తుకిరాన్ అరుపుకి పెళ్ళిపందిట్లో కుర్చీలు సర్దుతున్నవాళ్ళు తలలు తిప్పారు. వేదిక మీద అతను గిటార్ మోతని రకరకాలుగా మార్చే తన ప్రాసెసర్ పెట్టెని రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాడు. మీటల సందుల్లోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. అన్నానికని దిగి పావుగంట కాలేదు.

డోలు వాయించే ముజీ తొంగి చూశాడు. "ఏం కాదులే అన్నా. ఓసారి ఆన్ చేసి చూడు."

"నోర్ముయ్! తడి మీద కరెంటు తగిలితే లోపలంతా మాడి చస్తుంది. వైరు పీకి వెళ్ళాను కాబట్టి ఇంకా ఆశ ఉంది."

"పోనీ పాడే అమ్మాయి దగ్గర జుట్టారబెట్టే మిషనుంది. తేనా?"

"ఆ గాలికి నీళ్ళు ఇంకా లోపలికి పోతాయి. దాంతో నీ బుర్ర ఆరబెట్టుకో."

తెరవెనక నుంచి జుమాలి వచ్చాడు. బృందం అతనిదే. "అరగంటలో మొదటి పాట. నీ గిటార్ ఏడుపు వినడానికే పెళ్ళికొడుకు తండ్రి మనల్ని పిలిచాడు. ఆన్ చెయ్యి."

"మూడు రోజులు ఆరాలి అన్నా."

"మూడు రోజులా? అప్పటికి పెళ్ళికొడుకు మామగారితో దెబ్బలాట కూడా మొదలెడతాడు. వట్టి గిటార్ మీటేవాడు ఈ తుబాన్ ఊళ్ళో వీధికొకడున్నాడు. ఇవాళ అది పలక్కపోతే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

తుకిరాన్ పళ్ళు కొరికాడు. పెట్టెని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. టీ కాదు. గులాబీలు, మల్లెలు.

పెట్టెని గుడ్డ మీద బోర్లించి, వేదిక మీంచి దూకి వంటపాక వెనక్కి పరుగెత్తాడు. అక్కడ వొంగ్సో తాత సాంబ్రాణి పొగ ముందు కూర్చుని ఉన్నాడు. పక్కన ఖాళీ పూలనీళ్ళ చెంబు, నేలలో గుచ్చిన చీపురు పుల్లలకి మిరపకాయలు, ఉల్లిపాయలు. మంత్రంతో వాన రాకుండా కట్టడానికి పెళ్ళివారు పిలిపించిన మనిషి. ఉత్తరాన మబ్బు నల్లగా ఆగిపోయింది. పందిరి మీద ఎండ కాస్తోంది.

తుకిరాన్ అతన్ని చొక్కా పట్టి లేపాడు. "ముసలి నక్కా! వాన ఆపమంటే నా పెట్టెని ముంచుతావా? నా నోటి దగ్గర కూడు పోయింది కదరా!"

"చెయ్యి తియ్యి నాయనా. వాన తగలకుండా స్పీకర్లన్నిటికీ రెండేసి చుక్కలు మంత్రించిన పూలనీళ్ళు చల్లాను. నీ దానికీ అంతే చల్లాను."

"మరి ఇన్ని నీళ్ళెక్కడివి?"

"రెండు చుక్కలు ఏ మూలకని, నా చేతిలో చెంబు లాక్కుని మొత్తం దాని మీదే గుమ్మరించింది."

"ఎవత్తె? పేరు చెప్పు, ఇవాళ దాని అంతు చూస్తా!"

తాత చొక్కా సర్దుకున్నాడు.

"నీ పెళ్ళాం. 'మా ఆయన ప్రాణమంతా ఇందులోనే ఉంది తాతా, దీని మీద ఒక్క చినుకు కూడా పడకూడదు' అంది."