డెల్ వదిలేసిన పుంజులు

లొరేటా కూతపెట్టె చెక్కమూతను రాపాడించి టర్కీ కోడిపెట్టలా కూత పుట్టించింది. ఆ కూతకు అడవి టర్కీ పుంజొకటి తోక విప్పుకుని, వాళ్లు దాక్కున్న వేట గుడారానికి ఇరవై అడుగుల దగ్గరికి వచ్చేసింది.

ఆమె మామ ఆర్విల్, చలికాలంలో చనిపోయిన కొడుకు డెల్ విల్లును బలంకొద్దీ లాగాడు. నారి ఏ బిగువూ లేకుండా ఒక్క ఊపున వెనక్కి వచ్చేసింది. మోచెయ్యి గుడారానికి ధడాలున తగిలింది. పుంజు ఓక్ చెట్లలోకి పారిపోయింది.

"ఇదేం విల్లమ్మాయ్? పిల్లలాటలా ఉంది! పోయినేడు నారి బిగువుగా ఉండాలని బోల్టులు నేనే బిగించిచ్చానే."

"డెల్ వదులు చేశాడు మావయ్యా. వారానికి కాస్త."

"ఎందుకు?"

"లాగలేకపోయేవాడు. అప్పటికే జబ్బు చేతుల్లోకి దిగింది. చివర్లో, ఇంత వదులు చేసినా, సగందాకానే లాగగలిగాడు."

పోయిన వసంతమంతా డెల్ వేట నుంచి వట్టిచేతులతో వచ్చేవాడు. "పుంజు భలే అందంగా ఉంది నాన్నా, చంపబుద్ధి కాలేదు" అనేవాడు. ఆర్విల్ కాఫీ హోటల్లో అందరిముందూ, "మావాడు టర్కీలకు టోపీ తీసి దారిస్తాడు" అని పకపకా నవ్వేవాడు. డెల్ కూడా నవ్వేవాడు.

"జబ్బు సంగతి నాకు ఎండాకాలం దాకా చెప్పలేదేం?"

"తెలిస్తే మీరు వేళాకోళం మానేస్తారన్నాడు. అది మానొద్దట."

దూరంగా పుంజు అరిచింది. లొరేటా సంచిలోంచి బోల్టులు బిగించే కీ తీసి అందించింది.

ఆర్విల్ దాన్ని తీసుకోలేదు. నారిని మెల్లగా సగందాకా లాగి, అక్కడే పట్టుకుని కూర్చున్నాడు.