కదిలే చుక్క

సిరుగుప్ప దాటాక కారు యాక్సిల్ విరిగింది. వెనక సీట్లో మోజెస్ భార్య గ్లోరియా పురిటి నొప్పులతో మూలుగుతోంది. మోజెస్ ఫోన్లో చార్జింగ్ అడుగంటింది. సరిహద్దు కదా, ఫోన్ కాసేపు ఆంధ్రా టవరు, కాసేపు కర్ణాటక టవరు పట్టుకుంటూ చార్జంతా తినేస్తుంది. అందుకే అంబులెన్సుకు తెల్ల కారని చెప్పి, లొకేషన్ పంపి, ఇక్కడి అందరిలాగే ఫ్లైట్ మోడ్‌లో పెట్టేశాడు. ఎంతకూ బండి రాకపోయేసరికి మళ్లీ ఆన్ చేశాడు. వెంటనే అంబులెన్సు డ్రైవర్ ఫోన్.

“ఏందప్పా నీ గోల? నిలబడమంటే పోతానే ఉండావు!”

“యాడికి పోయినాన్నా? యాక్సిల్ విరిగి ఈడే పడి ఉండాము!”

“మరి మ్యాపులో నీ చుక్క కదులుతానే ఉండాది కదా?”

“ఫోనే ఆపి పెట్టింటే ఎట్ల కదులుతాదన్నా? చార్జు లేదు, జల్దీ రా!”

“యాడికి రావల్ల? నీ తెల్ల కారు నా ముందరే పోతాంది. హారన్ కొట్టినా ఆపవు.”

మోజెస్‌కు ఒళ్లు మండింది. “అది ఇంకెవరిదో కారన్నా!”

“ఇంకెవరిదో ఎట్లయితాదప్పా? వెనక కిటికీలోంచి ఆయమ్మ చెయ్యి ఊపుతాంది. మోజెస్, ఆపు అని అరుస్తాంది.”

ఫోన్ ఆరిపోయింది.

దూరంగా సైరన్ వినిపించింది. మోజెస్ రోడ్డు మధ్యకు పరిగెత్తి చేతులు ఊపాడు. ముందు, కారేదో దూసుకుపోయినట్టు, ఒక గాలి విసురు అతన్ని పక్కకు నెట్టేసింది. కానీ ఏ కారూ కనపడలేదు. ఆ గాలి వెనకే అంబులెన్సు ఆగకుండా దూసుకుపోయింది.

సైరన్ సన్నగిల్లి ఆగిపోయాక కానీ అతనికి తెలియలేదు, కారులో మూలుగు కూడా వినపడటం లేదని.

“గ్లోరీ?” అన్నాడు, వెనక్కి తిరగకుండానే.