పన్నెండు ఫ్లేర్లు

“పన్నెండు వేశారే! నాకు దొరికింది తొమ్మిదే.” కేశవరావు సార్ సొరుగులోంచి తీసిన కాగితంలోని జాబితాని శరణ్య మళ్ళీ లెక్కపెట్టింది.

“ముందు దాన్ని లోపల పెట్టెయ్యవే తల్లీ, వచ్చేస్తారు,” తలుపు దగ్గర కాపలా ఉన్న ప్రవల్లిక గొంతు తగ్గించి అంది.

వయసులో ఉన్న నక్షత్రాలు ఉన్నట్టుండి భగ్గుమంటాయి. ఆ మంటలే ఫ్లేర్లు. ఉపగ్రహం పంపే అంకెల్లో వాటిని పట్టుకోవడం ఘాజియాబాద్‌లోని ఈ ల్యాబ్ పని. కొత్తగా చేరినవాళ్ళకి కేశవరావు ముందొక పరీక్ష పెడతాడు. ఎన్నడూ మండని ఒక ముసలి నక్షత్రం డేటాలో తానే కొన్ని దొంగ ఫ్లేర్లు కలిపి ఇస్తాడు. ఎన్నో చెప్పడు. రెండుకి మించి వదిలేస్తే ఇంటికి వెళ్ళిపోవాల్సిందే.

“ఒక్కసారి సరిచూసుకుందామనుకున్నానంతే,” అంది శరణ్య. “నేనిక్కడ నక్షత్రాలు చూస్తున్నానని ఊరంతా చెప్పుకుంటోంది. ఏ మొహం పెట్టుకుని వెళ్ళనే?”

“ఏడవకు. ఆ మూడు చోట్లా మళ్ళీ చూడు.”

చూసింది. మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చుంది. కిటికీ అవతల పొగ పక్క మేడని కూడా మింగేసింది. గ్రాఫులో గీత చదునుగానే ఉంది. కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. ఈసారి చిన్న ఎత్తేదో ఉన్నట్టే అనిపించింది.

నాలుగింటికి పన్నెండూ రాసి ఇచ్చింది.

కేశవరావు చాయ్ గ్లాసు పక్కకి జరిపి, పెన్సిల్‌తో ఒక్కొక్కటే టిక్కు పెట్టుకుంటూ వచ్చాడు. నాలుగో దాని దగ్గర ఆగాడు.

“ఇది కనిపించిందా అమ్మా?”

“సన్నగా ఉంది సార్. జాగ్రత్తగా చూస్తే తెలుస్తోంది.”

“అచ్ఛా. ఏడోది?”

“అదీ అంతే సార్.”

“చివరిది?”

“అది బాగానే కనిపిస్తోంది సార్.”

ఆయన తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు. కోపం లేదు. “మిగతా తొమ్మిదీ నీకు నువ్వే పట్టావా?”

“అవును సార్.” ఈ ఒక్కసారి ఆమె గొంతు తడబడలేదు.

“నమ్ముతాను. మూడేళ్ళుగా ఇక్కడ ఎవరికీ అన్నీ దొరకలేదు. నీకు దొరికాయి.” పెన్సిల్ కింద పెట్టాడు. “ఈ మూడూ నా సొరుగులో కాగితం మీద తప్ప ఇంకెక్కడా లేవమ్మా.”