తాడు కొస

"తాడు వాడు పట్టుకునేటట్టయితే నేను ట్యాంకులోకి దిగనప్పా. ఇంకెవరినన్నా పెట్టు," అన్నాడు బైలప్ప, పక్కనే నిలబడ్డ తమ్ముడి వైపు చూడకుండా.

"ఇంకెవరుండారు? అందరూ లారీ లోడు కాడికి పోయినారు," అన్నాడు మేస్త్రీ హనుమంతరాయప్ప. "మీ అన్నదమ్ముల తగువు ఊర్లో చూసుకోండి. ఈడ పని కావల్ల."

తమ్ముడు కాటయ్య కూడా మేస్త్రీతోనే మాట్లాడాడు. "అంత ఇష్టం లేకుంటే ఆయన్నే తాడు పట్టుకోమనన్నా. నేను దిగుతా."

"వాణ్ణి దిగొద్దని చెప్పు," అంటూ బైలప్ప చప్పున తాడు అందుకుని నడుముకు చుట్టుకున్నాడు.

వాళ్ల ఊరు అరసికెరెలో ఇద్దరి చేలూ ఆనుకునే ఉంటాయి. బావి నీళ్ల వంతు దగ్గర మాట పెరిగి మాటలు మానుకున్నారు. తర్వాత ఆ బావీ ఎండిపోయింది, వేరుశనగ చేలూ ఎండిపోయాయి. ఇప్పుడు ఇద్దరూ ఒకే ట్రాక్టర్‌లో నిడుగల్లు దారిలోని వైన్ ఫ్యాక్టరీకి కూలికి వస్తున్నారు, ఒకరికొకరు వీపులు తిప్పుకుని.

ద్రాక్షరసం పులియబెట్టే పొడుగాటి సిమెంటు ట్యాంకు అది, నేలలోకి కట్టింది. వైన్ తోడేశాక గోడలకు రాయిలా గట్టిపడ్డ ఎర్రటి గార, అడుగున జిగట మడ్డి మిగిలిపోతాయి. పైనున్న ఒక్క మూతలోంచి నిచ్చెన మీద దిగి, ఆ గారంతా ఇనుప రేకుతో గోకాలి. లోపల గాలి మంచిది కాదు. నడుముకు తాడు అందుకే.

మేస్త్రీ స్వయంగా ముడి బిగించాడు. "ఊపిరాడకుంటే తాడు గుంజు బైలప్పా. కాటయ్యా, గుంజితే పైకి లాగు. నోర్లు లేకపోయినా చేతులుండాయి గదా." అని లారీ వైపు వెళ్లిపోయాడు.

కాటయ్య తాడును పిడికిలికి చుట్టుకుని, మూత దగ్గర బోర్లా పడుకున్నాడు. లోపల చీకటి. పులిసిన వాసన ముక్కుల్లోకి ఘాటుగా కొట్టింది. రేకు గోడ మీద గరగరలాడుతున్నంతసేపూ అతనికి ధైర్యంగానే ఉంది. ఆ చప్పుడు మెల్లగా దూరం జరిగింది. ఉన్నట్టుండి తాడు బిగిసింది. గుంజినట్టు కాదు, ఊరికే బిగిసింది. మడ్డిలో కాలు జారుతోందేమోనని కాటయ్య ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. కాసేపటికి తాడు సడలింది. చప్పుడు మళ్లీ మొదలై, ఇంకా లోపలికి వెళ్లింది.

తర్వాత ఆగిపోయింది.

అలసట తీర్చుకుంటున్నాడేమో అనుకున్నాడు కాటయ్య. పిలిస్తే తెలిసిపోతుంది. నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. లోపల రేకు ఠంగున కింద పడింది.

"అన్నా," అన్నాడు.

మూతలోకి తల వంచాడు. "అన్నా, ఏమైందన్నా?"

తాడు లాగాడు. బరువు లేకుండా వచ్చేసింది. మడ్డి కారుతున్న ఒట్టి కొస చేతికొచ్చింది.

అతని కేక విని మేస్త్రీ, నలుగురు కూలీలు పరుగున వచ్చారు. మేస్త్రీ కొసను చేతిలోకి తీసుకుని చూశాడు. "నేనేసిన ముడి దానంతటది ఊడేది కాదు. వాడే విప్పుకున్నాడు."

కాటయ్య ఆ కొసను లాక్కుని తన నడుముకు చుట్టుకున్నాడు.

"వద్దు కాటయ్యా. నువ్వూ పోతావు."

"పట్టుకోండి," అని గుండెనిండా గాలి పీల్చుకుని దిగాడు.

పైవాళ్లు తాడు వదులుతుంటే, మడ్డిలో మోకాళ్ల మీద పాకుతూ, చేతులతో తడుముకుంటూ వెళ్లాడు. చిట్టచివరి మూలలో, గోడకు ఒరిగి కూలబడిన అన్న కాలు తగిలింది. తన నడుము తాడు విప్పి అన్న చంకల కింద చుట్టి ముడేసి, బలంకొద్దీ గుంజాడు. పైవాళ్లు లాగుతుంటే వెనక నుంచి తోశాడు. అన్న పైకి చేరాక నిచ్చెన మెట్టు చేతికి దొరికింది. ఎట్లా ఎక్కాడో అతనికే తెలియదు. మూత అంచు దగ్గర ఎవరో జుట్టు పట్టి బయటికి ఈడ్చారు.

బైలప్పను షెడ్డు నీడలో పడుకోబెట్టి ముఖాన నీళ్లు కొట్టారు. సీసాలు కడిగేచోట పనిచేస్తున్న అతని భార్య అంజనమ్మ తడి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. మొగుడి తల ఒళ్లో పెట్టుకుని, అతని చంకల కిందున్న తాడును చూసింది. జరిగింది మేస్త్రీ చెప్పాడు.

"నీ చేతిలో ఉండాదనే విప్పుకునుంటాడు," అంది మరిదితో, ఏడవకుండా. "సొంత తమ్ముని చేతిలో పానం పెట్టేదానికి భయపడినాడు సూడు. ఆడికి తెచ్చుకుంటిరి."

కక్కుకుంటూ పక్కనే కూర్చున్న కాటయ్య తలెత్తలేదు. కూలీలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

చాలాసేపటికి బైలప్ప దగ్గాడు. కళ్లు తెరిచి భార్యను చూశాడు. తర్వాత ఒళ్లంతా ఎర్రటి మడ్డితో ఉన్న తమ్ముణ్ణి చూశాడు.

కాటయ్య మోకాళ్ల మీద దగ్గరికి జరిగాడు. "ఒక్కటి చెప్పన్నా. నేను వదిలేస్తాననుకున్నావా? అంత పాపిష్టోణ్ణా నేను?"

బైలప్ప తల అడ్డంగా ఊపాడు. చెయ్యి చాచి తమ్ముడి మణికట్టు పట్టుకున్నాడు.

"ఆ మూలకు తాడు అందలేదురా. ఇంకొంచెం వదులని అడగల్లంటే... నీతో మాట్లాడల్ల గదా."